పూర్తి నిమిషం

మొన్న బీపీ చూపించుకుందామని నిజామాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్తే, అక్కడి నర్సు పిల్ల నా చూపుడువేలికి చల్లటి క్లిప్పు ఒకటి తగిలించింది. బట్టలారేసే క్లిప్పు లాంటిదే, కాకపోతే లోపల ఎర్రటి వెలుతురు. కీచుమని ఒక చప్పుడు వచ్చింది, రెండు అంకెలు వెలిగాయి. పిల్ల ఆ అంకెల వైపు చూసింది, చీటీ మీద రాసింది, క్లిప్పు తీసి పక్కనున్న మనిషి వేలికి పెట్టింది. నా మొహం చూడలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. వేలి కొన మీద ఆ చల్లదనం మాత్రం చాలాసేపు ఉండిపోయింది. బయటి బెంచీ మీద కూర్చుని నా కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద పెట్టుకున్నాను. ఎదురుగోడ మీది గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగి, లెక్క మొదలుపెట్టాను. ఈ పని నాకు నేర్పిన మనిషి ఎస్తేరమ్మ సిస్టర్. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఆమెకు జరిగింది తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆ జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి నేనే రాయాలి.

నేను అయిదో తరగతి దాటలేదు. మా బాపు బోధన్ వైపు చెరుకు బండి తోలేవాడు. నేను దవాఖానలో ఊడ్చే పనికి చేరి, మందుల డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు, పాత పేపర్లు చదువుతూ తెలుగు నేర్చుకుని డ్రెస్సర్‌నయ్యాను. అంటే పుండ్లు కడగడం, కట్లు కట్టడం, కుట్లు విప్పడం. డిగ్రీలున్నవాళ్లు చెయ్యడానికి ముక్కు మూసుకునే పనులన్నీ నావే. మా దవాఖాన బోధన్ రోడ్డులో, ఊరి చివర ఉండేది. దాని పేరు రాయను. నడిపిన పెద్ద డాక్టరు ఇప్పుడు లేడు, పిల్లలున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆయన మీద ఉంది. మనిషి పోతే కోపం పోవాలని ఎక్కడా రాసిలేదు.

ఎస్తేరమ్మ నాకంటే ఆరేడేళ్లు పెద్దది. సొంతూరు గోదావరి పక్కన మెండోర. వాళ్ల కుటుంబం మెథడిస్టు క్రైస్తవులు. తండ్రి కూలికి పోయి చదివిస్తే నర్సింగు పాసయింది. పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లితో చర్చి వెనక రెండు గదుల్లో ఉండేది. తెల్లచీర, జాకెట్టుకు తలకిందులుగా పిన్ను పెట్టిన చిన్న గడియారం. వార్డులో ఆమె గొంతు ఎప్పుడూ పెద్దగా వినపడేది కాదు కానీ, ఆమె డ్యూటీలో ఉందంటే నలభై మంచాల మీదా ఒక నిమ్మళం ఉండేది. ఆ నిమ్మళాన్ని నేను మళ్లీ ఏ దవాఖానలోనూ చూడలేదు.

ఎనభైల్లో ఒక ఏడాది, చెరుకు నరికే కాలంలో, ఆమె వార్డులో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. రెండుసార్లూ నాడి చూసింది నేనే. అప్పట్లో మా అందరిదీ ఒకటే పద్ధతి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేవాళ్లం. రద్దీ దవాఖానలో ఎవరికీ పూర్తి నిమిషం ఖర్చు పెట్టే ఓపిక ఉండదు. పద్దెనిమిది వచ్చింది, డెబ్బై రెండు అని చెప్పాను. "బలహీనత," అని డాక్టరు టానిక్ రాశాడు. మూడోసారి సైకిల్ రిక్షాలో పడిపోయింది. తల్లి హైదరాబాద్ తీసుకుపోతే, గుండె కొట్టుకోవడం మధ్యమధ్యలో ఆగిపోతోందని అక్కడ తేల్చారు. ఎడమ జబ్బ ఎముక కింద కోసి, గుండెను ఆగకుండా కొట్టించే, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద యంత్రాన్ని లోపల పెట్టారు.

మూడు నెలల తర్వాత తిరిగి వచ్చింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. వరండాలో చెప్పులు విడుస్తూ, ఎడమచేతిని ఒంటికి దగ్గరగా పెట్టుకుని నిలబడింది. చేతిలో హైదరాబాద్ డాక్టర్లు రాసిచ్చిన కాగితం, పని చేసుకోవచ్చని. ఆమె కంటే ముందే మాటలు వచ్చేసి ఉన్నాయి. "గుండెల రేడియో వెట్టిండ్రట," అన్నాడు వాచ్‌మన్. "ఆమె ముట్టుకుంటె కరెంటు గొడ్తదట," అన్నది మాక్లూర్ నుంచి వచ్చిన ఒక పేషెంటు ముసలమ్మ, దుప్పటి కింద చెయ్యి దాచుకుంటూ. ఎస్తేరమ్మ ఆ మంచం దగ్గరే ఆగింది.

"కొడితె మంచిదే గదనే అవ్వా, నీ కీళ్లనొప్పులు పోతయి. తే చెయ్యి."

ముసలమ్మ అనుమానంగానే చెయ్యి ఇచ్చింది. కాసేపు చూసి, "ఏం గొట్టలే," అంది, కొంచెం నిరాశగా. వార్డంతా నవ్వింది. ఆ రోజు నవ్విన నవ్వు అంతే.

పెద్ద డాక్టరు ఆమెను గదిలోకి పిలిచాడు. నేను డ్రెస్సింగు ట్రే పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. కాగితం చదివి బల్ల మీద పెట్టి, "ఎస్తేరమ్మా, నువ్వే ఒక పేషెంటువి. పేషెంట్ల దగ్గర ఏం చేస్తావు? రేపు నువ్వు వార్డులో పడిపోతే నా దవాఖాన పేరు ఏమవుతుంది?" అన్నాడు.

"ఆపరేషన్ గదికి రాను సార్. ఆడ కరెంటు కత్తితోని నా మిషన్‌కు ఇబ్బంది అని చెప్పిండ్రు. వార్డుల ఏం లేదు. పడిపోవద్దనే గదా ఇది పెట్టిచ్చుకున్న."

"చూద్దాం. ఇప్పటికి బట్టల గది చూసుకో."

ఆమె లేచి తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. "రోగమొస్తె దవాఖానకు వస్తరు సార్ అందరు. నేను రోగం తక్కువైనంక వచ్చిన. నన్నెందుకు బయటికి పంపుతున్నరు?"

ఆయన ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

బట్టల గది అంటే దుప్పట్లు, తువ్వాళ్లు, ఆపరేషన్ గుడ్డలు మడతపెట్టే గది. కిటికీ లేదు. ఇరవై ఏళ్లు వార్డు నడిపిన మనిషి అక్కడ కూర్చుని చిరిగిన దిండు గలీబులకు కుట్లు వేసేది. నేను కట్లు కట్టే గాజుగుడ్డ కోసం పోయినప్పుడల్లా అడిగేది, "మూడో మంచం ఆయనకు జ్వరం దిగిందా? ఆ పిల్ల పుండు ఎండుతుందా?" నేను చెప్పేవాణ్ని. ఆమె సూది ఆపి వినేది. ఒకరోజు నాకు ఆగలేదు. "ఎందుకక్కా గీ పని, నౌకరి ఇడిచిపెట్టరాదూ, గవర్నమెంటు దవాఖానల అడుగు," అన్నాను. "ఈడికెల్లి పోతె ఇంకెవలు తీసుకుంటరు తమ్మీ? ఈడున్నోళ్లు నన్ను ఎరుకున్నోళ్లు. ఎరుకున్నోళ్లే గిట్ల జేస్తె, ఎరుకలేనోళ్లు?" అంది. ఆమెకు కావలసింది జీతం కాదు, వార్డు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరం నోరు తెరవలేదు. నేను కూడా తెరవలేదు. నాకు పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఇంత గట్టిగా రాస్తున్నాను కానీ అప్పుడు నేనూ ట్రే పట్టుకుని నిలబడ్డవాణ్నే.

మరుసటి ఏడాది ఎండలు మొదలయ్యాక అనుకుంటాను, చెరుకు తోటల్లోంచి ఒక ఆడమనిషిని ఎడ్లబండిలో తీసుకొచ్చారు. నాందేడ్ వైపు నుంచి నరకడానికి వచ్చిన కూలీ. తోటలోనే సోలిపోయిందట, నోట్లోంచి చొంగ కారుతోంది. నేను నాడి పట్టుకున్నాను. పదిహేను సెకన్లు. పదహారు. అరవై నాలుగు అని రాసి, "ఎండ దెబ్బ" అని డాక్టరుకు చెప్పాను. ఆయన సెలైన్ పెట్టమని వెళ్లిపోయాడు. మరికాసేపటికి ఎస్తేరమ్మ ఉతికిన దుప్పట్లు మోసుకుంటూ వార్డులోకి వచ్చింది. ఆ మంచం దగ్గరికి రాగానే ఆగింది. దుప్పట్లు కింద పెట్టేసి ఆ కూలీ మణికట్టు పట్టుకుంది. గడియారం వైపు చూస్తూ నిలబడింది. కదల్లేదు. నాకు ఆ నిమిషం ఎంతో పొడుగ్గా అనిపించింది.

"గంగారాం, ఎంత రాసినవ్?"

"అరవై నాలుగు."

"నలభై ఆరు. మొదట బాగనే ఉరికి, తర్వాత ఆగి ఆగి కొడుతుంది. కండ్లు సూడు, కనుపాప ఎంత సన్నగైందో. ఎండ దెబ్బ కాదిది. సార్‌ను పిలువు, ఉరుకు."

డాక్టరు వచ్చి, ఆమె వెంట ఉన్న భర్తను గద్దించి అడిగితే, పురుగుమందు డబ్బా కడిగి అందులో తాగేనీళ్లు పట్టుకుపోయామని అతను ఏడుస్తూ చెప్పాడు. వెంటనే ఇంజెక్షన్లు పడ్డాయి. బతికింది. నాలుగో రోజు వెళ్లిపోతూ ఆ మనిషి బట్టల గది వెతుక్కుంటూ పోయి, అమ్మా అన్నట్టు మరాఠీలో "బాయి, బాయి," అంటూ ఎస్తేరమ్మ కాళ్ల మీద పడబోయింది. పెద్ద డాక్టరు మాత్రం ఆ సాయంత్రం అందరి ముందు అన్న మాట ఇది: "బట్టల గదిలో ఉండేవాళ్లు పేషెంట్లను ముట్టుకోవాలని ఎవరు చెప్పారు?"

ఆమె నన్ను బట్టల గదికి పిలిచి, గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది. నలభై ఏళ్లు కావొస్తోంది, ఒక్క మాట మర్చిపోలేదు. "నాది గూడ పావు నిమిషమే జూసినవ్ తమ్మీ, రెండుసార్లు. నీ తప్పని అంటలేను. అందరు గట్లనే జేస్తరు. కని గుండె పావు నిమిషంల ఉన్నట్టు ముప్పావు నిమిషంల ఉండదు. మనిషి చెయ్యి పట్టుకున్నంక నిమిషం పట్టుకో. గా నిమిషం గా మనిషిది. నీది కాదు."

ఆమెకు వార్డు తిరిగి వచ్చింది. న్యాయం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. ఆ ఎండాకాలం కూలీల గుడిసెల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వరండా అంతా మంచాలు పడ్డాయి. అదే సమయానికి ఇద్దరు నర్సులు గవర్నమెంటు నౌకరి దొరికి వెళ్లిపోయారు. అప్పుడు పెద్ద డాక్టరే వార్డు మధ్యలో నిలబడి, "ఎస్తేరమ్మను పిలవండి," అన్నాడు. అవసరం పడ్డప్పుడు ఆయనకు గుండెలోని మిషన్ కనిపించలేదు. ఆమె దిండు గలీబు పక్కన పెట్టి, సూదిని దారపుండకు గుచ్చి, చేతులు కడుక్కుని వచ్చింది. పదకొండేళ్లు మళ్లీ ఆ వార్డును నడిపింది.

ఆ పదకొండేళ్లలో మాకొక అలవాటు ఏర్పడింది. హైదరాబాద్‌లో ఆమెకు చెప్పారట, మిషన్ నిమిషానికి డెబ్బై సార్లు కొడుతుందని, బ్యాటరీ అయిపోవస్తే ఆ లెక్క తగ్గుతుందని, అరవై అయిదుకు దిగితే రావాలని. అందుకని ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున డ్యూటీకి ముందు డ్రెస్సింగు గదిలో స్టూలు మీద కూర్చుని కుడిచెయ్యి చాచేది. "నాది నేను లెక్కవెట్టుకుంటె ఆశ గూడ కలుస్తది. నువ్వు వెట్టు." నేను పూర్తి నిమిషం లెక్కపెట్టేవాణ్ని. "డెబ్బై." ఆమె తల ఊపి, లేచి వార్డులోకి పోయేది. ఏళ్ల తరబడి ఒకటే అంకె. దేవుడి దగ్గర ప్రార్థన చేసి వచ్చే మనిషికి, అయిదో తరగతి చదివిన నేను చెప్పే ఆ ఒక్క అంకె కూడా కావాలి. నా జిందగీలో నా మాటకు అంత విలువ ఇచ్చినవాళ్లు ఇంకొకరు లేరు.

ఇక్కడి నుంచి రాయడం కష్టం.

తొంభైల చివర్లో ఒక గుడ్ ఫ్రైడే. ఎస్తేరమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి ఉపవాసం. మధ్యాహ్నం మూడు గంటల ఆరాధనకు పోవాల్సింది, రెండో డ్యూటీ నర్సు రాలేదని ఉండిపోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, కరెంటు లేదు. నేను వార్డులోకి వచ్చేసరికి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. మొహం తెల్లబడింది. దగ్గరికి పోయి మణికట్టు పట్టుకున్నాను.

"ఏం గాలేదు. ఉపవాసముంటి, జర కండ్లు దిరిగినయి," అంది.

పదిహేను సెకన్లు. పదిహేను కొట్టింది. అరవై! ఆమె మెల్లగా, "నిమిషం వెట్టు," అంది. విన్నాను. విని కూడా చెయ్యి వదిలేసి ఉరికాను. డాక్టరు గదిలోకి తోసుకునిపోయి, "సార్, సిస్టరమ్మ బ్యాటరీ అయిపోయింది, అరవైకి పడ్డది!" అని అరిచాను. ముగ్గురు పేషెంట్లు, వాళ్ల బంధువులు, అందరూ విన్నారు.

ఆ సాయంత్రమే ఆమెను హైదరాబాద్ పంపారు. అక్కడ మిషన్‌ను పరీక్ష చేసి చెప్పారు, బ్యాటరీ బాగానే ఉంది, ఇంకా రెండేళ్లు నడుస్తుంది. ఖాళీ కడుపు, ఎండ. మధ్యలో గుండె తనంతట తాను తొందరపడి ఒకటి రెండు సార్లు కొడితే అవి మణికట్టు దాకా రావట. అందుకే ఆ కొద్ది సెకన్లలో తక్కువ తెలిసి ఉంటుంది, నిమిషం పట్టుకుని చూసి ఉంటే అరవై ఏడో, అరవై ఎనిమిదో వచ్చేదని. ఆమె ఆ కాగితం కూడా పట్టుకుని నాలుగో రోజున తిరిగి వచ్చింది.

పెద్ద డాక్టరు ఈసారి కాగితం చదవను కూడా చదవలేదు. "పేషెంట్ల ముందే గొడవ అయింది. నీ వాళ్లే చెప్పారు బ్యాటరీ అయిపోయిందని. నేను రిస్కు తీసుకోలేను," అన్నాడు. అప్పటికి నర్సింగు స్కూళ్లు ఎక్కువై, తక్కువ జీతానికి పిల్లలు బోలెడంత మంది దొరుకుతున్నారు. ఆయన పదకొండేళ్లుగా వెతుకుతున్న సాకు నేను పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఈసారి బట్టల గది కూడా ఇవ్వలేదు. ఈసారి నేను నోరు తెరిచాను. "తప్పు నాది సార్, నేనే సరిగ లెక్కవెట్టలే," అన్నాను. "నీ లెక్కలు నాకెందుకయ్యా, కట్లు కట్టుకో పో," అన్నాడు. నిజమే, ఆయనకు లెక్క ఎప్పుడూ అక్కర్లేదు.

ఏడాది దాకా నేను చర్చి వెనక గల్లీకి పోలేదు. సిగ్గు. ఆమె బజారులో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ని. చివరికి ఆమె తల్లి పోయిందని తెలిసి వెళ్లాను. చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఒంటి మీద రంగు చీర. ఆమెను తెల్లచీర లేకుండా చూడటం అదే మొదటిసారి. నీళ్లిచ్చింది.

"అక్కా, నా వల్లనే..."

"ఒక్కటి అడుగుత తమ్మీ. ఆ రోజు నిమిషం వెట్టినవా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా ఆమె నమ్మినట్టే ఊరుకునేది. "లేదక్కా. పదిహేను సెకన్లు."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదేమో. చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, కొంగుకు చేతులు తుడుచుకుని, కుడిచెయ్యి నా ముందుకు చాచింది.

"ఇప్పుడు వెట్టు."

గూట్లో ఆమె పాత గడియారం ఉంది, పిన్ను తుప్పు పట్టింది. దాన్ని తీసి ఎదురుగా పెట్టుకున్నాను. మొదటిసారి లెక్క తప్పింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మళ్లీ ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగాను. ఈసారి పూర్తిగా పట్టుకున్నాను.

"ఎంత?"

"డెబ్బై."

"ఊఁ," అంది. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "వార్డు రిజిస్టరు ఉంటె రాసుకుంటుంటిమి."

ఆ తర్వాత మిషన్ మార్చుకుందని విన్నాను. ఏ దవాఖానా ఆమెను మళ్లీ తీసుకోలేదు. గల్లీలో పిల్లలకు జ్వరం వస్తే, ముసలివాళ్లకు కళ్లు తిరిగితే, ఆమె గుమ్మం దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. ఆమె చెయ్యి పట్టుకుని చూసి, ఎక్కడికి పోవాలో చెప్పి పంపేది. వార్డు లేని నర్సుగా మరో ఆరేళ్లు బతికింది. చివరికి కామెర్లతో పోయింది. గుండెతో కాదు. లోపలి యంత్రం ఆఖరు దాకా తన పని తాను చేసిందని, శవపేటిక మోసినవాళ్లలో ఒకరు గొప్పగా చెప్పుకున్నారు. ఆమె పని ఆమెను చెయ్యనివ్వలేదన్న మాట ఆ రోజు ఎవరూ అనలేదు. నేనూ పేటిక ఒక మూల భుజం మీద పెట్టుకుని నడిచాను కానీ, నోట్లోంచి మాట రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న క్లినిక్ బెంచీ మీద కూర్చుని నా నాడి నేను చూసుకుంటుంటే ఆ నర్సు పిల్ల బయటికి వచ్చింది. "ఏంది తాతా, మిషన్ల వచ్చింది గదా. డెబ్బై ఆరు. బాగనే ఉంది," అంది. మంచి పిల్లే. ఆమె వెనక పాతికమంది వరసలో ఉన్నారు. "ఉండు బిడ్డా," అన్నాను, ముల్లు మీంచి కళ్లు తీయకుండా.

రోజూ పొద్దున లెక్కపెట్టుకుంటాను. ఇంట్లోవాళ్లకు అది ముసలితనపు చాదస్తం. పదిహేను సెకన్ల దగ్గరికి రాగానే ఇప్పటికీ వేళ్లు లేవబోతాయి. ఇంకేముంది, నాలుగుతో హెచ్చవెయ్యి, లే, ఉరుకు అంటుంది ఒళ్లు. "నిమిషం వెట్టు," అని వినిపిస్తుంది, ఆ రోజు వినిపించినంత మెల్లగానే. వేళ్లు తిరిగి నొక్కి పెడతాను. మిగతా నలభై అయిదు సెకన్లూ నేను లెక్కపెట్టేది నా గుండెను కాదు.